జన్యు ల్యాబ్‌లో చేతి పని కూడా నేర్పండి

సంపాదకునికి,

జన్యు పరీక్ష రిపోర్టు మీద డాక్టర్ సంతకం కనిపిస్తుంది కానీ, టెక్నాలజిస్ట్ పడ్డ పాట్లు ఎవరికీ తెలియవు. క్రోమోజోమ్ పరీక్షకు రక్తకణాలను సుమారు 72 గంటలు పెంచి, కోల్సెమిడ్ అనే రసాయనంతో కణ విభజనను మధ్యలో ఆపి, స్లైడ్ మీద చుక్క వేయాలి. గదిలో తేమ కాస్త అటూఇటూ అయినా క్రోమోజోములు సరిగా విడివడక ఒకదానిమీదొకటి పడతాయి. ఇక లెక్కపెట్టడం గగనమే! మామూలుగా 20 కణాలు ఇలా చూడాలి. ఇది పుస్తకంతో వచ్చే విద్య కాదు.

కోర్సుల్లో మాత్రం సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల వరుసను యంత్రంతో చదవడం) మీదే మోజు. అది అవసరమే, కాదనను. డిగ్రీతో పాటు ఏడాదైనా నడుస్తున్న ల్యాబ్‌లో స్టైపెండ్‌తో శిక్షణ తప్పనిసరి చేయాలి. ప్రమోషన్లూ ఉండాలి; లేకుంటే చేయి తిరిగినవాళ్లు మార్కెటింగ్ ఉద్యోగాలకు వెళ్లిపోతారు.

– ఒక ల్యాబ్ టెక్నాలజిస్ట్