అమెరికా ప్రథమ మహిళల నాణేలు: కొనేముందు తూకం వేయండి

సంపాదకులు గారికి,

అమెరికా అధ్యక్షుల సతీమణుల పేరిట వచ్చిన బంగారు నాణేల గురించి మీ ఆదివారం సంచికలో కథనం చదివాం. ఫొటోలు చాలా బాగున్నాయి. ‘తక్కువ సంఖ్యలో ముద్రించారు కాబట్టి ధర పెరుగుతూనే పోతుంది’ అన్న ముక్కతో మాత్రం మాకు పేచీ ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకు ఫోన్ చేసి ‘వచ్చేటప్పుడు అదొకటి పట్టుకురా’ అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

ముందు నాణెం సంగతి. 2005 నాటి చట్టంతో ఈ వరుస పుట్టింది. 2007 జూన్ 19న మార్తా వాషింగ్టన్, అబిగెయిల్ ఆడమ్స్ నాణేలతో అమ్మకాలు మొదలయ్యాయి. అన్నీ వెస్ట్ పాయింట్ మింట్ (టంకశాల)లోనే కొట్టారు, అందుకే ప్రతిదాని మీద డబ్ల్యూ అక్షరం ఉంటుంది. బంగారం 24 క్యారట్లు, స్వచ్ఛత .9999. బరువు అర ట్రాయ్ ఔన్సు, అంటే 15.55 గ్రాములు. మన లెక్కలో రెండు కాసులకు పిసరంత తక్కువ. ముఖవిలువ 10 డాలర్లు. ఒక్కో నాణెం రెండు రకాల్లో వచ్చింది: అద్దంలాంటి నేల మీద బొమ్మ మంచు పట్టినట్టుండే ప్రూఫ్, మెరుపు తక్కువగా ఉండే అన్‌సర్క్యులేటెడ్.

‘అందరూ భార్యలే’ అని రాశారు, అదీ సరికాదు. జెఫర్సన్, జాక్సన్, వాన్ బ్యూరెన్, బుకానన్ పదవిలో ఉండగా పక్కన భార్య లేదు. వాళ్ల వంతు నాణేల మీద ఆ కాలపు చలామణీ నాణేల్లోని లిబర్టీ (స్వేచ్ఛకు రూపంగా గీసే స్త్రీ) బొమ్మను దించారు. చెస్టర్ ఆర్థర్ భార్య ఆయన అధ్యక్షుడు కాకముందే పోయింది. ఆ స్థానంలో 2012లో వచ్చింది ఆలిస్ పాల్, మహిళల ఓటు హక్కు కోసం పోరాడినావిడ. ఆర్థర్ హయాంలో, 1885లో పుట్టిందన్నదే లంకె. క్లీవ్‌లాండ్ మధ్యలో ఒక విడత ఓడి మళ్లీ గెలిచాడు కాబట్టి ఫ్రాన్సెస్‌కు రెండు నాణేలు. పదవిలో ఉండగానే భార్య పోయి మళ్లీ పెళ్లాడిన టైలర్, విల్సన్‌లకు చెరి రెండు. ఇలా 2016లో నాన్సీ రీగన్ దాకా 41 అయ్యాయి. 2020లో వేరే చట్టంతో బార్బరా బుష్‌ది కలిసి 42.

వెనకవైపు బొమ్మలే ఈ వరుసకు అందం. మార్తా భర్త సైనిక కోటుకు గుండీ కుడుతూ ఉంటుంది. గ్రేస్ కూలిడ్జ్ బధిరుల బడిలో టీచరుగా చేసింది, అందుకని ఆమె నాణెం వెనక వైట్‌హౌస్ ముందు మూడు చేతులు సైగల భాషలో యు, ఎస్, ఏ అక్షరాలు చూపిస్తాయి. భూతద్దం పెట్టి వేళ్ల మడతలు చూడండి, చెక్కినవాళ్ల పనితనం అక్కడ తెలుస్తుంది. బొమ్మల మీదే మనసైతే అవే డిజైన్లతో కంచు పతకాలు కూడా మింట్ అమ్మింది. వాటి వెడల్పు 33.3 మిల్లీమీటర్లు, ధరలో బంగారంతో పోలికే లేదు. బంగారంలో 41 కూడబెట్టాలంటే ఒక్కో రకంలోనే 637 గ్రాములకు పైగా, దాదాపు 80 కాసులు కావాలి మరి.

ఇక ధర. మొదటి రెండు నాణేలకు రెండు రకాలూ కలిపి తలా 40 వేల పరిమితి పెడితే కొన్ని గంటల్లోనే అయిపోయాయి. అప్పటి ప్రూఫ్ ధర 429.95 డాలర్లు. బంగారం అప్పట్లో ఔన్సు 650 డాలర్ల చుట్టుపక్కల ఉంది కాబట్టి లోహం మీద అదనం 100 డాలర్ల పైచిలుకు. డాలీ మాడిసన్ నాణెం వచ్చేసరికే ఆ ఊపు తగ్గింది. బంగారం ధర ఎక్కుతూ పోయింది. ఏడాదికి నాలుగైదు నాణేలంటే జీతగాళ్లు మోయలేకపోయారు. 2011 నుంచి 2013 దాకా వచ్చిన వాటిలో అన్‌సర్క్యులేటెడ్ రకం ఏ ఒక్కటీ 3 వేలు దాటి అమ్ముడుపోలేదు.

3 వేలంటే అరుదే. కానీ కావాలనుకునేవాళ్లు కూడా అంతమందే ఉంటే ధర ఎందుకు పెరుగుతుంది? 2015 వరుసలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది జాక్వెలిన్ కెనడీది. జనం అడిగేదీ ఆమెనే. 2023లో హైదరాబాద్ మింట్ ముద్రించిన ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెంలో వెండి సగమే ఉంది. అయినా అభిమానులు లోహం లెక్క చూసుకుని కొనలేదు కదా. ప్రథమ మహిళల నాణేలకు అంత అభిమానగణం లేదు. అందుకే చాలా వాటి ధర లోహం విలువకు కాస్త అటూ ఇటూగానే ఉంటోంది. 2007లో కొన్నవాళ్లు లాభపడ్డారంటే అది బంగారం పుణ్యమే.

కాబట్టి కొనేటప్పుడు ఆ రోజు అంతర్జాతీయ ఔన్సు ధరలో సగం ఎంతో చూసుకోండి. మన షాపుల గ్రాము రేటులో దిగుమతి సుంకం కలిసి ఉంటుంది, దాంతో పోల్చితే అమెరికాలో ఏదైనా చవకగానే కనిపిస్తుంది. నాణేల నాణ్యత చూసి 70కి ఇన్ని అని గ్రేడు వేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల నుంచి సీల్డ్ ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే వాటిలో 69కీ 70కీ తేడా మామూలు కంటికి ఆనదు. మింట్ నుంచి నేరుగా వచ్చే ఈ కాలపు నాణేల్లో ఎక్కువ భాగం ఆ రెండు గ్రేడుల్లోనే పడతాయి. 69కి పెద్దగా అదనం ఇవ్వక్కర్లేదు. ‘ఫస్ట్ స్ట్రైక్’, ‘ఎర్లీ రిలీజెస్’ లేబుళ్లకు అర్థం, విడుదలైన మొదటి 30 రోజుల్లో గ్రేడింగుకు చేరిందని మాత్రమే. లోపల నాణెం మారదు. విడిగా కొంటే మింట్ ఇచ్చిన పెట్టె, సర్టిఫికెట్ రెండూ ఉన్నాయో లేదో చూడండి. అవి పోతే మళ్లీ అమ్మేటప్పుడు బేరం తగ్గుతుంది.

మోసం ఎక్కువగా జరిగేది ఇదిగో ఇక్కడ. ఈ నాణెం వెడల్పు 26.49 మిల్లీమీటర్లు. అధ్యక్షుల బొమ్మలతో వచ్చిన ఒక డాలర్ నాణెం వెడల్పూ సరిగ్గా అంతే, రంగూ పసుపే. కాకపోతే దానిలో ఉన్నది మాంగనీసు ఇత్తడి, రాగి. బరువు 8.1 గ్రాములు. ‘గోల్డ్ డాలర్’ అని అంటగట్టేది దాన్నే. 0.01 గ్రాము దాకా చూపించే ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే గుట్టు బయటపడుతుంది. కంచు పతకానికి బంగారు పూత వేసి అమ్మినా వెడల్పు దగ్గరే దొరికిపోతుంది. టంగ్‌స్టన్ నింపిన నకిలీలే చిక్కు. దాని సాంద్రత బంగారానికి దాదాపు సమానం, నీళ్లలో ముంచి తూచే పరీక్షకు అందదు. షాపుల్లోని క్యారట్ మీటరు పైపొరనే చదువుతుంది. లోహం లోపలి వాహకతను చూసే యంత్రం ఉన్నచోటే పరీక్ష చేయించాలి. గ్రేడింగ్ పెట్టె మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో గీత గీతా పోల్చుకోండి. పెట్టెలకు కూడా నకిలీలున్నాయి.

గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. ఒక్క గీత పడితే అది ఇక పాత బంగారమే. 24 క్యారట్లు మెత్తన, గోరు తగిలినా ప్రూఫ్ నేల మీద మచ్చ కనిపిస్తుంది. అంచు పట్టుకునే చూడాలి, నాణెం ఉన్న ప్లాస్టిక్ డబ్బీ (క్యాప్సూల్)లోంచి అసలు తీయకపోతే ఇంకా మంచిది. పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు జిగట పొర పడుతుంది. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వాలి. అసిటోన్ మంటంటుకునేది, క్యాప్సూల్ ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది, జాగ్రత్త. .9999 బంగారం మీద కూడా అప్పుడప్పుడు ఎర్ర చుక్కలు వస్తాయి. అది నకిలీ గుర్తు కాదు, రుద్దారంటే మాత్రం నాణెం పాడవుతుంది.

చివరగా శంషాబాద్‌లో దిగేవాళ్ల కోసం. లగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా వదిలేది నగలను, నాణేలను కాదు. మెళ్లో గొలుసుకున్న వెసులుబాటు జేబులో నాణేనికి లేదు. కస్టమ్స్ దగ్గర గ్రీన్ ఛానెల్‌లో నడవకుండా రెడ్ ఛానెల్‌లో ప్రకటించాలి. నాణెం మీద 10 డాలర్లుంది కదా అని విలువ 10 డాలర్లని రాస్తే చెల్లదు, బంగారం విలువే లెక్క. ఆరు నెలలు తగ్గకుండా విదేశంలో ఉండి వస్తున్న భారత సంతతివాళ్లు విదేశీ కరెన్సీలో తగ్గింపు సుంకం కట్టి కిలో దాకా తెచ్చుకోవచ్చు. 99.5 శాతానికి తగ్గని నాణేలు ఆ జాబితాలో ఉన్నాయి. రేటు మారుతుంటుంది కాబట్టి బయల్దేరే వారంలో చూసుకోండి. కొన్న బిల్లు, సుంకం రసీదు నాణెంతోపాటే భద్రం చేయండి. ఇక్కడ అమ్మాల్సి వస్తే షాపువాడు బంగారం ధరే కడతాడు, బొమ్మకు పైసా రాదు. ఆ ధరకైనా సరే, ముందు అడిగేది ఆ కాగితాలే.

ఇట్లు,
నాణేల సేకరణదారులు కొందరు,
సికింద్రాబాద్