వార్షిక నివేదిక 2024–25: ఈ ఏడాదంతా మురుగుతోనే

కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న మన లంక ఊరి సంఘం సభ్యులందరికీ నమస్కారం. రేవు మెట్ల రిపేరు, వీధి లైట్లు, పిల్లల ఆటల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి, వాటి లెక్కలు పంచాయతీ గోడ మీద అంటించాం, చూసుకోండి. డబ్బూ గొడవా ఎక్కువగా మురుగు దగ్గరే అయ్యాయి కాబట్టి మిగతా నివేదికంతా దాని గురించే.

కుళాయిలు వచ్చాక ఈ తలనొప్పి పెరిగింది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. బోరింగు కొట్టి బిందెలతో మోసుకున్న రోజుల్లో అన్ని నీళ్లు ఎవరు పారబోశారు? ఇప్పుడు అందులో చాలా భాగం వంటింటి వెనక నుంచి వీధిలోకి, వీధి నుంచి బోదెలోకి పోతోంది. ఇంకుడు గుంత తవ్వుకోండని ఊరికే సలహా ఇస్తారు గానీ, కోనసీమ లంకలో వానాకాలం గుంత తవ్వితే నీళ్లు ఇంకడం అటుంచి కిందనుంచి ఊరతాయి. పైగా ఇసుక నేల, మురుగు తొందరగా పాకుతుంది. మరుగుదొడ్డి గుంతకు దగ్గరగా ఉన్న బోరింగుల నీళ్లు మలం కలిసిందో లేదో చూసే హెచ్‌టూఎస్ సీసాల్లో పోసి ఉంచితే నల్లగా మారడం, అంటే కలిసిందని తేలడం, మీలో చాలామంది చూశారు.

అందుకే కొత్తగా కట్టే ఒక్కో మరుగుదొడ్డికి రెండేసి గుంతలు నేల మట్టానికి ఎత్తుగా కట్టి, చుట్టూ మట్టి పోయిస్తున్నాం. గుంత అడుగు భాగాన్ని నీరు దిగకుండా మూసేసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపుతున్నాం. బోరింగుకు 10 మీటర్ల దూరం తప్పనిసరి. మేస్త్రీల మీద మాత్రం ఓ కన్నేయాలి. రెండు గుంతలకూ ఒకేసారి కనెక్షన్ ఇచ్చేస్తే ఇక రెండు గుంతలుండి లాభం ఏమిటి? ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకుండా వదిలేస్తే లోపలిది ఎండి మట్టిలా అవుతుంది, కొబ్బరి మొదళ్లలో వేసుకోవచ్చు. మనకు వంతెన లేదు, గుంతలు తోడే ట్యాంకరు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కదు. మనిషిని దింపి తీయించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, అది సరదాకి కూడా అనొద్దు.

ఇళ్లలో వాడి వదిలిన నీటికి వీధి చివర కట్టిన గులకరాళ్ల తొట్టి బాగానే నడుస్తోంది. నీరు ముందు మూసిన ట్యాంకులో ఆగి మడ్డి దించుకుని, తర్వాత మెట్టతామర, జమ్ము నాటిన రాళ్ల లోపలి నుంచి మెల్లగా పోతుంది, పైకి కనపడదు కాబట్టి దోమలకు గుడ్లు పెట్టే చోటుండదు. మోటార్ల ప్లాంటే కావాలని కొందరు గట్టిగా అడిగారు. ఆ పద్ధతిలో సూక్ష్మజీవులకు గాలి ఊదుతూనే ఉండాలి, మన కరెంటుకి ఆ నమ్మకం లేదు, మోటారు కాలితే విడి భాగం కోసం ఏరు దాటాలి. మన మూసిన ట్యాంకులో పనిచేసే, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులకు వేడి ఉంటే చాలు, ఉక్కకు మన దగ్గర కొదవేముంది! బయటికొచ్చే నీరు అరటికి పెట్టండి, ఆకుకూరలకు వద్దు.

కొబ్బరి పీచు, గిన్నెలు తోమిన బూడిద, చేపల పొలుసులు తొట్టి జాలీకి అడ్డం పడుతున్నాయి. అంతకంటే పెద్ద టెన్షన్ వరద. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు లంకల్లో ఎంత ఒండ్రు మిగిలిందో చెప్పక్కర్లేదు. అలాంటిది మళ్లీ వస్తే రాళ్లన్నీ తీసి కడిగి పేర్చాల్సిందే, ఆ ఖర్చుకు ఇప్పటినుంచే కొంత పక్కన పెడుతున్నాం.

హైదరాబాదు, కువైట్ సభ్యులు డబ్బు పంపారు, సంతోషం. జాలీ తీసి కడగడానికి మాత్రం మనిషి దొరకడం లేదు. వీధికి ఓ వారం అని వంతులు పెట్టుకున్నాం, దీపావళి తర్వాత ఎవరూ అటు తొంగి చూడలేదు. జీతమిచ్చి ఒకరిని పెట్టాలని కమిటీ అభిప్రాయం, దానికి చందా కాస్త పెరుగుతుంది. వద్దనేవాళ్లు సర్వసభ్య సమావేశానికి వచ్చి చెప్పండి, వచ్చేటప్పుడు మీ వీధి వంతు ఎవరు తీసుకుంటారో ఆ పేరు కూడా తీసుకురండి.