వెదురుప్పు పేరుతో అమ్మేది ఏంటో ఎవరు చూస్తున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, వెదురుబొంగుల లోపల దొరికే వెదురుప్పు తింటే కీళ్ళ నొప్పులు పోతాయి, ఒంటికి కాల్షియం పడుతుంది అని వీడియోలే. అది చూసి మా వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు డాక్టరు రాసిచ్చిన కాల్షియం మాత్రలు మానేసి ఈ పొడి తింటున్నారు. వెదురుప్పు, అంటే వంశలోచనం, దాదాపు అంతా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, అందులో కాల్షియం ఉండేది నామమాత్రమే. ఈ సంగతి 1791లోనే తేలింది, దానికి మా విశాఖపట్నంతో సంబంధం కూడా ఉంది. ఇక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు వెదురుబొంగులు చీల్చి చూసి, లోపలి గడ్డలను బయటికి తీశాడు, అవి లండన్ చేరాయి. వాటిని పరీక్షించి ఇది సిలికా జాతి పదార్థమని చెప్పినవాడు మేసీ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త, తర్వాత స్మిత్‌సన్ అని పేరు మార్చుకుని అమెరికాలో స్మిత్‌సోనియన్ అనే మ్యూజియంల సంస్థ పెట్టడానికి ఆస్తి రాసిచ్చింది ఈయనే.

నేను వెదురు మందును తీసిపారేయడం లేదు. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలో వెదురుప్పు ముఖ్యమైన దినుసు: పటికబెల్లం 16 పాళ్ళు, వెదురుప్పు 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. సగానికి పైగా పటికబెల్లమే కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు దీన్ని ఆయుర్వేదం కదా అని తేనెలో కలిపి నాకేయకూడదు, ఈ మాట అమ్మేవాళ్ళు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

అసలు బాధ నకిలీతో. ప్రతి బొంగులో వెదురుప్పు ఉండదు, కణుపుల మధ్య ఊరిన నీరు ఎండి గడ్డకట్టిన కొన్నింటిలోనే దొరుకుతుంది, బొంగు ఊపితే లోపల గలగలమంటుంది. అంత అరుదైన సరుకు ప్రతి మూలికల షాపులో డబ్బాల కొద్దీ ఎలా ఉంటుంది? కొన్నిచోట్ల వెదురుప్పు అడిగితే తవక్షీరి పేరుతో పాలగుండ ఇస్తారు, అది దుంప నుంచి తీసిన పిండి, వేసవిలో జావకు మంచిదే కానీ వెదురుతో దానికి పనే లేదు. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు, నీళ్ళలో కలిపి ఉడికిస్తే గంజిలా చిక్కబడుతుంది, టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం రంగుకు తిరుగుతుంది. రసాయనాలతో తయారుచేసిన సిలికా ముక్కలను మాత్రం మనం ఇంట్లో పట్టుకోలేం, వాటికి ల్యాబ్ కావాల్సిందే.

ఇంకో రెండు మాటలు. ఈనిన ఆవుకు మావి పడాలని పల్లెల్లో వెదురాకు మేపుతారు, అలాంటి ఆకు కషాయాన్ని గర్భిణులు బరువు తగ్గడానికో మరొకందుకో తాగడం ప్రమాదం. అలాగే వెదురు కొమ్ముల్లో, అంటే లేత మొలకల్లో, సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, ఏజెన్సీలో వాటిని బాగా ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండుకుంటారు, వీడియోలో ఆ మెట్టు ఎగరగొట్టేస్తున్నారు.

ఆయుష్ అధికారులు మూలికల షాపుల్లో శాంపిళ్ళు తీసి పరీక్ష చేయించాలి, ఫలితాలు షాపు పేరుతో సహా బయటపెట్టాలి. పాలగుండ అమ్మేవాళ్ళు పాలగుండ అనే అమ్మాలి. మీ ఆరోగ్యం పేజీలో వెదురు గురించి వేసినప్పుడు ఏ భాగం, ఎంత మోతాదు, ఎవరికి కూడదు అన్నవి కూడా వైద్యులను అడిగి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విశాఖపట్నం