దుప్పట్లు కొనే ముందు

విశాఖపట్నం,
డిసెంబరు 8

ప్రియమైన బాబూ,

ప్రభువు నామంలో నీకు శుభములు. ఈ క్రిస్మస్‌కు మన సంఘం యవ్వనస్థులంతా కలిసి కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర దుప్పట్లు పంచుతారని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి మీ నాన్నగారు అందరికీ ఆ సంగతే చెబుతున్నారు. డబ్బు తప్పకుండా పంపుతాము. కానీ దుప్పట్లు కొనే ముందు ఒకసారి పగటిపూట అక్కడికి వెళ్లి రండి.

ఆ వారంలో అక్కడ దుప్పట్లకు కొదవ ఉండదు. మన సంఘం ఇస్తుంది, పక్క సంఘం ఇస్తుంది, వేరేవాళ్లూ ఇస్తారు. పోయిన ఏడాది స్త్రీల సమాజం తరఫున వెళ్లినప్పుడు పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మను చూశాను. ఒళ్లో రెండు కొత్త దుప్పట్లు, కవర్లు కూడా విప్పలేదు. చేతిలో స్కానింగ్ చీటీ, మడతల దగ్గర చిరిగిపోయింది. "దుప్పటి వద్దమ్మా, మనవడి పక్కన కాసేపు కూర్చో. ఒళ్లు కడుక్కుని నాలుగు మెతుకులు తిని వస్తాను" అంది. కూర్చున్నాను. పిల్లవాడు సెలైన్ పెట్టిన చెయ్యి కదపకుండా చూడడం, సీసా అయిపోవస్తే నర్సమ్మను పిలవడం, అంతే పని. ఆమె తిరిగి వచ్చాక స్కానింగ్ గదికి తీసుకెళ్లాను.

బర్తిమయికి చూపు లేదని యెరికో దారిలో ఉన్న అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా యేసు ప్రభువు, నీకేమి చేయమంటావని అతన్నే అడిగాడు. మార్కు సువార్త 10వ అధ్యాయం మళ్లీ చదువు. కనికరం ఉంటే చాలదు, ఎదుటివారిని అడిగే ఓపిక కూడా కావాలి.

1805లో మన ఊరికి వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ కూడా ముందు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు కన్నుమూశారు. వాళ్ల చేతుల మీదుగా మొదలైన తెలుగు సువార్తల అనువాదం ఆ తర్వాతే అచ్చయింది. మన్యం నుంచి ఆసుపత్రికి వచ్చేవారిలో కువి, ఆదివాసీ ఒడియా తప్ప వేరే భాష సరిగా రానివాళ్లుంటారు. మీలో ఆ భాష తెలిసిన ఒక్కరున్నా చాలు, ఓపీ దగ్గర నిలబడి దారి చెబితే అది పది మూటల బట్టల కంటే మేలు.

రక్తం సంగతి కూడా ఆలోచించండి. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, ఆరోగ్యం ఉంటే ఇవ్వవచ్చు. మగపిల్లలు మూడు నెలలకొకసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. అంటే డిసెంబరులో ఇచ్చినవాడు మార్చిలో మళ్లీ వెళ్లవచ్చు. జబ్బుకు పండుగ నెల, మామూలు నెల అన్న తేడా లేదు కదా! జనవరిలో నక్షత్రం దించేశాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చునేవారి దగ్గరికి ఎవరు వెళ్తారన్నదే నా దిగులు. సెలవులు అయ్యాక నువ్వు హైదరాబాదు వెళ్లిపోతావు. అక్కడా గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులున్నాయి.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. రోగుల దగ్గర ఫొటోలు తీయవద్దు. మంచం మీద ఉన్న మనిషి కాదనలేడు. అన్నం పొట్లంతో పాటు కరపత్రం చేతిలో పెట్టవద్దు. మీరెందుకు వచ్చారని ఎవరైనా అడిగితే అప్పుడు ప్రభువు గురించి సంతోషంగా చెప్పండి. అడగకపోయినా వాళ్ల పక్కన అంతే ప్రేమగా కూర్చోండి.

మన సంఘంలో నర్సులుగా పనిచేసే అక్కలున్నారు. ఏ వేళకు లోపలికి రానిస్తారో, ఏ పనికి మనుషులు చాలడం లేదో వాళ్లను అడిగి రాసుకోండి. దేనికి ఎంత కావాలో ఆ తర్వాత ఫోను చెయ్యి, నాన్నగారు ఆ రోజే పంపిస్తారు.

ప్రేమతో,
అమ్మ