కాన్సంట్రేటర్ ఫిల్టరు మార్చడానికి వచ్చిన తమ్ముడికి

నాన్న రాత్రి ఆరు గంటలు ఏకబిగిన పడుకున్నారు. పొద్దున్న లేచి తలనొప్పి లేదన్నారు. వాపు దిగింది, కాళ్లకి చెప్పులు పట్టాయి. పదకొండు రాత్రుల నిద్ర బాకీ ఉంది నాకు, అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తున్నాయి. అయినా ఈ థాంక్స్ ఇవాళే రాయాలి.

అమ్మా, అన్నయ్యా, వదినా, మీకు వేరే థాంక్స్ చెప్పేదేముంది.

ఇది నరసన్నపేట వైపు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసి ఇచ్చే మిషన్లు) అద్దెకిచ్చే ఒక షాపులో పనిచేసే తమ్ముడికి. పేరు రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు కాబట్టి రాయడం లేదు.

ఫిల్టరు మార్చడం పది నిమిషాల పని. అతను వచ్చేసరికి నాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. ముక్కుకి గొట్టం, ఫ్లో నాలుగు లీటర్ల మీద. గురక పెడుతూ పెడుతూ టక్కున ఆగింది. ఇంట్లో అందరం దాన్ని మంచి నిద్ర అనుకునేవాళ్లం. ఆ తమ్ముడు స్క్రూడ్రైవరు కింద పెట్టి, నాన్న పొట్ట వైపు చూస్తూ చేతి వాచీలో సెకన్లు లెక్కపెట్టాడు. పది. ఇరవై. ముప్పై రెండు. పొట్ట, ఛాతీ కొట్టుకుంటున్నాయి, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. తర్వాత ఒక్క ఉలికిపాటు, గుర్రుమని ఊపిరి. అప్పుడు నా వైపు తిరిగి అడిగాడు: "అక్కా, రాత్రిళ్లు ఎలా పడుకుంటారు?"

నాన్నకి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి తగ్గకుండా ఉండే జబ్బు) అని తెలిసి మూడేళ్లు. ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఆసుపత్రి వార్డులో పనిచేసే నేనూ అడగలేదు.

ఫ్లో తానే తగ్గించేయలేదు. "అది నా పని కాదక్కా, డాక్టరుగారు చెప్పాలి" అని అక్కడి నుంచే ఫోను చేయించాడు. డాక్టరుగారు వేలి ఆక్సీమీటరు చూస్తూ ఒక లీటరుకి దించమన్నారు. సీఓపీడీలో రక్తంలో ఆక్సిజన్ గురి 88 నుంచి 92 శాతం, అంతే. మా దగ్గర 97 చూసి సంబరపడుతున్నాం. మర్నాడు మణికట్టు ధమని నుంచి రక్తం తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ 61. ఉండాల్సింది 35 నుంచి 45. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తు, అన్నం ముందు కూర్చునే తూగడం, అన్నీ అక్కడివే. నిద్రలో గొంతు మూసుకుపోయే మనిషికి ఉత్త ఆక్సిజన్ ఎక్కువగా ఇస్తే అంకె బాగుంటుంది, గాలి మాత్రం ఆడదు. ఆక్సిజన్ పడిపోవడం మెదడుని లేపే హెచ్చరిక గంటల్లో ఒకటి. ఆ గంట మోగకపోతే ఊపిరి ఆగిన సమయం ఇంకా పెరుగుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఇది చదివి ఎవరూ ఆక్సిజన్ సొంతంగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. ఎంత పెట్టాలో డాక్టరుని అడగండి.

నిద్ర పరీక్షకి విశాఖ వెళ్లాం. ఆ తమ్ముడు సెలవు పెట్టి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో నాన్న పక్కన రైలెక్కాడు, సిలిండరు తన ఒళ్లో పెట్టుకుని. ఎందుకని అడిగితే "దారిలో రెగ్యులేటరు లీకైతే మీకు తెలీదు కదక్కా" అన్నాడు. పది సెకన్లకి పైగా ఊపిరి ఆగినవి, బాగా తగ్గినవి కలిపి గంటకి 41 వచ్చాయి. 30 దాటితే తీవ్రం. నిద్రలో గొంతు మూసుకుపోయి ఇలా ఊపిరి ఆగడమే స్లీప్ ఆప్నియా. సీఓపీడీ, స్లీప్ ఆప్నియా ఒకే మనిషిలో ఉంటే ఓవర్‌లాప్ సిండ్రోమ్ అంటారు. 1985లో ఫ్లెన్లీ అనే డాక్టరు పెట్టిన పేరు. నలభై ఏళ్ల నాటి మాట మా వీధి దాకా రావడానికి ఒక ఫిల్టరు పాడవ్వాల్సి వచ్చింది.

గుండె సంగతి తెలిశాక ఒళ్లు జలదరించింది. ఉత్త స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి ఊపిరి తిరిగొచ్చాక ఆక్సిజన్ మామూలు స్థాయికి చేరుతుంది. ఊపిరితిత్తులు ముందే పాడైనవాళ్లకి మొదలే తక్కువ. ప్రతిసారీ ఇంకా లోతుకి పడుతుంది, మధ్యలోనూ పూర్తిగా కోలుకోదు. నాన్నకి రాత్రి 71 దాకా పడింది. ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాటిలోకి రక్తం నెట్టలేక గుండె కుడివైపు ఉబ్బుతుంది, కాళ్లకి నీరు దిగుతుంది. ఎడమవైపు బాధ వేరు: మూసుకున్న గొంతుకి ఎదురు లాగే ప్రతి ప్రయత్నం గుండె మీద బరువు, ఉలికిపాటుతో పాటు బీపీ పైకి. రాత్రి దిగాల్సిన బీపీ దిగదు, గుండె లయ తప్పే అవకాశం పెరుగుతుంది. నాన్న ఒక చోట కాళ్ల వాపుకి నీటి మాత్ర, ఇంకో చోట ఆయాసానికి ఇన్‌హేలరు, మూడో చోట నిద్ర పట్టడం లేదంటే నిద్రమాత్ర వాడారు. ఆ నిద్రమాత్రే గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. మద్యం కూడా అంతే. మూడు చీటీలూ ఒకే మనిషివని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. కడుపు మండదా?

బైపాప్ (మాస్కులోంచి ప్రెషరుతో గాలి తోసి ఊపిరికి సాయం చేసే మిషను) తెచ్చిన మొదటి రాత్రి నేను చచ్చేదాకా మరిచిపోను. లోపలికి పీల్చేటప్పుడు 16, వదిలేటప్పుడు 8 ప్రెషరు పెట్టి పంపారు (ఇవి నాన్నవి, మీకు డాక్టరే పెట్టాలి). మాస్కు పెట్టగానే నాన్న పీకేశారు, ఊపిరాడనేదని. ఆ తమ్ముడు పట్టీలు పూర్తిగా విప్పేసి, మాస్కుని తన అరచేత్తో నాన్న ముఖానికి ఆనించి పట్టుకున్నాడు. "బాబాయ్, ఎప్పుడు కావాలంటే అప్పుడు నా చెయ్యి తోసేయండి" అన్నాడు. ఇరవై నిమిషాలు అలాగే, మోకాళ్ల మీద. చెయ్యి వణుకుతోంది, మార్చలేదు. నాన్న తోయలేదు. మెల్లగా తన చెయ్యే ఎత్తి అతని చెయ్యి మీద వేసి, "ఆడతంది బావూ" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయి ఏడ్చాను.

ఆ తర్వాత పట్టీలు. కూర్చోబెట్టి బిగిస్తే లాభం లేదు. పడుకోబెట్టి, ప్రెషరు నడుస్తుండగా సరిచేయాలి, ఎందుకంటే పడుకుంటే బుగ్గలు జారతాయి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. లీకు అవుతోందని బిగిస్తూ పోతే ముక్కు దూలం మీద పుండు పడుతుంది, లీకు తగ్గదు. ఎంత సరిచేసినా ఎడమ బుగ్గ దగ్గర గాలి కంట్లోకి కొడుతూనే ఉంది. అతను గదంతా చూశాడు. కిటికీ గట్టు మీద గ్లాసులో నాన్న పళ్ల సెట్టు! "పెట్టుకోండి బాబాయ్" అన్నాడు. బుగ్గ నిండింది, లీకు ఆగింది. (గట్టిగా కూర్చునే సెట్టు అయితేనే. వదులుగా ఉంటే వద్దు, ఊడితే ప్రమాదం.) మాస్కు ముందున్న చిన్న రంధ్రాల్లోంచి గాలి పోతోందని అమ్మ ప్లాస్టరు వేయబోతే చెయ్యి పట్టి ఆపాడు. వదిలిన గాలి బయటికి పోయే దారి అదే.

వాడకంలో చెప్పినవి కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. ముందు మిషను, తర్వాత ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత మిషను. లేకపోతే మిషను లోపల ఆక్సిజన్ నిండి నిప్పు ప్రమాదం. ఆ గదిలో దీపం, చుట్ట వద్దు. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్, పొద్దున్న పారబోయాలి. మాస్కు మెత్తని అంచు రోజూ తక్కువ సబ్బుతో కడగాలి, ముఖం జిడ్డుకి అది జారిపోతుంది. కరెంటు లెక్క కూడా వేసిచ్చాడు. తిత్లీ తుఫాను అప్పుడు మన జిల్లా ఎన్ని రోజులు చీకట్లో ఉందో గుర్తుంది కదా. 150 ఏహెచ్ బ్యాటరీ మీద వేడి హ్యుమిడిఫయర్ ఆపేస్తే బైపాప్ రాత్రంతా నడుస్తుంది. 350 వాట్ల కాన్సంట్రేటర్ కూడా పెడితే మూడు గంటలు దాటదు. అందుకే సిలిండరు నిండుగా పక్కన ఉండాలి.

మిషను ఖర్చు సంగతి అడిగితే ఉచిత వైద్య పథకం కౌంటర్లో "ఇంటికిచ్చే మిషన్లు ఇందులో రావు" అని తల ఎత్తకుండా చెప్పారు. ఐసీయూలో చేరితే వస్తుందట, ఐసీయూకి రాకుండా ఆపే మిషనుకి రాదట. ఎన్ని ఇళ్లలో కట్టెల పొయ్యి పొగకి, అడ్డపొగకి (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) ఛాతీ పాడైన మన అమ్మమ్మలు ఉంటారు! సన్నగా ఉన్నారు కదా, గురకేంటి అని వాళ్లని అసలే అడగరు.

అయ్యో, వీళ్లకీ థాంక్స్ రాయడం మరిచాను. రక్తం తీసిన ల్యాబు అమ్మాయికి, రెండోసారి గుచ్చాల్సొచ్చి నాన్నతో పాటు తనూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇన్వర్టరు మోసుకొచ్చి ఇచ్చిన ఎదురింటి మాస్టారుగారికి. శనివారం రాత్రి ఫ్యూజు పోతే వానలో వచ్చిన లైన్‌మన్ అన్నకి. 108లో వచ్చిన ఇద్దరికి, పేర్లు అడగలేదు, క్షమించండి.

తమ్ముడూ, నీ స్క్రూడ్రైవరు మా కిటికీ గట్టు మీదే ఉండిపోయింది, పళ్ల గ్లాసు పక్కన. నాన్న ఎవర్నీ ముట్టనివ్వడం లేదు. నువ్వే వచ్చి తీసుకెళ్లాలట, భోజనానికి.