దీపావళి ఆర్డర్లు ఈసారి ముందే ఆపేస్తున్నాం, కారణం ఇదీ

మా స్వీట్ షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

ఈసారి దీపావళి బల్క్ ఆర్డర్లు దసరా తర్వాత వచ్చే పౌర్ణమి వరకే తీసుకుంటాం. పండుగకు ముందు వారం బూందీ లడ్డూ, మోతీచూర్, జిలేబీ దొరకవు. కాజాలు, మైసూర్‌పాక్, కారప్పూస లాంటి నిలవ ఉండేవే ఉంటాయి. మంచిర్యాలలో ఆ వారం గిరాకీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మాకు ఏడాది లాభంలో పెద్ద భాగం అప్పుడే వస్తుంది. అయినా బాగా ఆలోచించే ఈ నిర్ణయం తీసుకున్నాం.

మా కార్ఖానాలో పనిచేసే పదకొండు మందిలో నలుగురు గోండులు. దండేపల్లి, జన్నారం వైపు గూడేల వాళ్లు. మీరు మెచ్చుకునే లడ్డూ చేసే బూందీ మాస్టరు కూడా వాళ్లలో ఒకరే. దీపావళి రోజుల్లో వాళ్లకు దండారీ అనే ఆటపాటల పండుగ. ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరికి అతిథులుగా వెళ్లి ఆడతారు, ఆ ఊరు వాళ్లకు అన్నం పెడుతుంది. గోదావరి ఒడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకో అనే అమ్మవారిని దర్శించుకుంటారు. దీపావళి దాటాక కోలబోడి అనే ముగింపు పూజతో దండారీ అయిపోతుంది. ఆరు దీపావళులు మాస్టరును నేను ఆపేశాను. 'పండుగ అయ్యాక వెళ్దువులే' అన్నాను. పండుగ అయ్యాక వెళ్తే అక్కడ చూడటానికి ఏముంటుంది? ఒకసారి చెప్పకుండా వెళ్లిన హెల్పర్‌కు ఆ రోజుల జీతం కోసేశాను కూడా.

అంతకంటే పెద్ద తప్పు మొన్న ఎండాకాలంలో చేశాను. షాపు వార్షికోత్సవానికి జనం రావాలని, దండారీలో గుస్సాడీ అనే నృత్య వేషం కట్టే ఆ హెల్పర్‌నే నెమలి ఈకల టోపీ పెట్టుకుని షాపు ముందు ఆడమన్నాను. డబ్బులు కూడా ఇస్తానన్నాను. అప్పుడతను పాకం కలుపుతున్నాడు. గరిటె ఆపాడు. తల ఎత్తలేదు, ఏమీ అనలేదు. పాకం ముదిరిపోతుంటే మాస్టరే వచ్చి కళాయి దించాడు. తర్వాత రెండు రోజులు అతను పనికి రాలేదు. మూడో రోజు మాస్టరు నాతో, "సేటూ, ఆ టోపీ ఊకెనే బయటికి తియ్యరాదు. దండారీకి పూజ చేసి తీస్తం. అది కట్టినోడు మాకు దేవుని లెక్క" అన్నాడు.

గుస్సాడీని వేదికల మీద ఆడటం నేనూ చూశాను. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ నృత్యానికే. కానీ ఎక్కడ ఆడాలో వాళ్ల పెద్దలు అనుకుని ఆడటం వేరు, జీతమిచ్చే వాడు ఆడమనడం వేరు. కాదంటే ఉద్యోగం పోతుందేమోనని ఆ పిల్లవాడు రెండు రోజులు టెన్షన్ పడ్డాడట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందరి ముందు క్షమాపణ చెప్పాను, కోసిన జీతం తిరిగి ఇచ్చాను.

ఇప్పుడు దండారీకి నలుగురికీ జీతంతో సెలవు. మిగతావాళ్లు 'మరి మాకో' అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. సద్దుల బతుకమ్మకు, దసరాకు కార్ఖానా మేం చూసుకుంటామని గోండు అన్నదమ్ములే ముందుకొచ్చారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగదేవుడు నాగోబా జాతర ఉంటుంది. ఆ జాతర జరిపే గోండుల మెస్రం వంశానికి చెందిన ఇంకో హెల్పర్‌కు ఈ ఏడే పెళ్లయింది. కొత్త కోడలికి నాగోబా దగ్గర భేటింగ్, అంటే దేవుడికి పరిచయం చేసే ఆచారం, జరిపించాలి. పెళ్లిళ్ల ఆర్డర్లు ఎన్ని ఉన్నా ఆ సెలవు ఆగదు. కార్ఖానాలో తెలుగే మాట్లాడాలని ఒకప్పుడు నేను పెట్టిన రూలు కూడా తీసేశాను. వాళ్లు గోండీలో మాట్లాడుకుంటే నా గురించే అనుకుంటున్నారని అనుమానపడేవాణ్ణి. ఇప్పుడు నేనే రెండు మాటలు నేర్చుకుంటున్నాను.

మీతో ఒక్క మాట చెప్పాలి. కౌంటర్ దగ్గర కొందరు మావాళ్లను 'ఇప్పసారా తెచ్చావా' అని అడుగుతున్నారు. మీకది సరదా కావచ్చు, రోజూ పడేవాళ్లకు కాదు. దయచేసి మానేయండి. ఇకపై ఎవరు అలా అడిగినా నేనే వచ్చి అడ్డుపడతాను, ఎంత పాత కస్టమరైనా సరే.

గిఫ్ట్ ప్యాకెట్లు పండుగకు వారం ముందే మీ చేతికి అందుతాయి, ధరలు పోయినేటివే. కోలబోడి అయ్యి మాస్టరు తిరిగొచ్చిన రోజు పొద్దున్నే బూందీ కళాయి పొయ్యి మీద పెడతాం. వేడి లడ్డూకు అప్పటిదాకా ఓపిక పట్టండి.