రక్తం ఎక్కించే తొలి 15 నిమిషాల గురించి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ముదిరి, రక్తం ఎక్కించుకోక తప్పనివాళ్లు ఎందరో. బ్యాగు తగిలించాక మొదటి 15 నిమిషాలు అతి ముఖ్యం. ప్రాణాంతకమైన రియాక్షన్లు చాలావరకు అప్పుడే మొదలవుతాయి. మా నాన్నకు ఆ వేళ వణుకు పుడితే దుప్పటి కప్పమన్నారు, అంతే.

వణుకు, జ్వరం, నడుం నొప్పి, ఆయాసం, ఏది వచ్చినా ముందు రక్తం ఆపాలి. సూది తీయకుండా కొత్త సెట్టుతో (గొట్టంతో) సెలైన్ పెట్టి, డాక్టరును పిలిచి, పేరూ గ్రూపూ మళ్లీ సరిచూడాలి. బ్యాగును పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు పంపాలి. మూత్రం ఎర్రబడటమూ ఒక గుర్తే గానీ, చాలామంది డయాలసిస్ రోగులకు మూత్రమే సరిగా రాదు. దానికోసం ఎదురుచూడకూడదు.

ఇలాంటి రియాక్షన్లు నమోదు చేయడానికే 2012లో జాతీయ హిమోవిజిలెన్స్ (రక్తమార్పిడిపై నిఘా) కార్యక్రమం మొదలైంది. ఆ నమోదు ఫారం ప్రతి వార్డులో ఉండేలా, ఆ 15 నిమిషాలు నర్సు మంచం పక్కనే ఉండేలా ఆదేశించండి. లక్షణాలు ఇంటివాళ్లకు ముందే నోటితో చెప్పించండి.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి కూతురు, కవిటి మండలం